నాలుగో బొట్టు

గురువారం పొద్దున్న ఆఫీసుకి వచ్చి కూర్చున్న పావుగంటకి ఆపా తమ్ముడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "ఆపా పోయింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తాం," అన్నాడు. "వత్తన్నాను," అన్నాను. నా ముందు తెర మీద ఒక ఓడ ఆగి ఉంది. దాని మీద మేము అంటించిన పేరు ఉండాల్సిన చోటు నుంచి కాస్త పక్కకి జరిగి ఉంది. నేను ముందు ఫైలు సేవ్ చేశాను, తర్వాత లేచాను. సేవ్ చేయడానికి అందులో ఏమీ లేదు. పదకొండు రోజులుగా ఆ ఫైల్లో పనికొచ్చేది ఏమీ లేదు.

ఆపా అంటే అక్క. పోర్టు పక్కన వన్ టౌన్‌లో ముస్లింల ఇళ్లలో అలా పిలుస్తారు. నేను ఆనందపురం అవతల బంతి, చేమంతి వేసుకునే ఊరివాడిని. ఆమెకీ నాకూ చుట్టరికం లేదు. పెందుర్తిలో ఒక కాలనీ ఇంటి మేడ మీద మా ఆఫీసు. ఐదుగురం. ఏడేళ్లు ఆమె పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాను. చేరిన మొదటి రోజు "మేడం" అని పిలిస్తే, "మేడం ఏటి? నాను మేడం అయితే ఈ కుర్చీకి నాలుగు కాళ్లూ ఉండేవి. ఆపా అను," అంది. ఆ కుర్చీకి నిజంగానే ఒక కాలు విరిగి ఉండేది. కింద ఇటుక పెట్టుకుని కూర్చునేది.

మా పని గురించి చెప్పాలి, లేకపోతే ఆమె గురించి చెప్పలేను. సినిమాల్లో, ప్రకటనల్లో కెమెరా కదులుతూ ఉంటుంది. గోడ మీద లేని బోర్డు ఉన్నట్టు చూపించాలంటే, కెమెరా కదిలినప్పుడల్లా ఆ బోర్డు కూడా గోడతో పాటు సరిగ్గా కదలాలి. దాన్ని ట్రాకింగ్ అంటారు. గోడ మీద నాలుగు గుర్తులు ఎంచుకుని, వీటిని పట్టుకుని వెళ్లు అని కంప్యూటర్‌కి చెబుతాం. అది ఒక్కో ఫ్రేమూ చూసుకుంటూ ఆ గుర్తుల వెంట పోతుంది. గుర్తు సరిగ్గా దొరికితే బోర్డు గోడకి మేకు కొట్టినట్టు ఉంటుంది. దొరక్కపోతే బోర్డు జారుతుంది. చూసేవాళ్లకి ఎందుకో తెలియదు కానీ ఏదో అబద్ధం అని తెలిసిపోతుంది.

ఆ గుర్తుల్ని మా ఆఫీసులో బొట్లు అంటాం. ఆ మాట ఆపా వల్లే వచ్చింది. షూటింగులో ఖాళీ గోడ మీద గుర్తులు అంటించమంటే, ఎవరో చెప్పిన ఖరీదైన స్టిక్కర్లు వద్దని, వాళ్ల వీధి చివర ఫ్యాన్సీ షాపుకి వెళ్లి ఎర్ర బొట్టుబిళ్లల అట్టలు నాలుగు కొనుక్కొచ్చింది. షాపతనికి ఆమె చిన్నప్పటి నుంచి తెలుసు. "నీకేల బొట్లు?" అన్నాడట. "గోడకి పెడతాను. దానికి పెళ్లి కుదిరింది," అందట. అతను ఆ సంగతి వీధంతా చెప్పాడు. వాళ్లమ్మ వారం రోజులు కోపంగా ఉంది. అప్పటి నుంచి మా దగ్గర "బొట్టు పెట్టావా," "బొట్టు జారింది," "బొట్టు తుడిచిపోయింది" అనే మాటలే. ఒకసారి మా దగ్గర పని చేయించుకునే కంపెనీ నుంచి ఎవరో ఫోనులో ఉండగా నాకు రెండో పక్క కూర్చునే బావ (చుట్టరికం లేదు, ఆఫీసులో అలా పిలుచుకుంటాం), "ఆపా, హీరోయిన్ బొట్టు జారిపోయింది, మళ్లీ పెట్టు," అని అరిచాడు. అవతల ఆవిడ కంగారు పడి, మేకప్ మార్చొద్దని మెయిల్ రాసింది.

నేను మొదట్లో చేసిన తప్పులు ఆమె గుర్తుపెట్టుకుని చెప్పేది. మొదటి నెలలోనే నీళ్ల మీద మెరుపు దగ్గర బొట్టు పెట్టాను. అది బాగా తెల్లగా ఉంది కాబట్టి కంప్యూటర్ పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకుంది కూడా. నేను అంటించిన బొమ్మ మెరుపుతో పాటు తెర అంతా తిరిగింది. ఆపా చూసి నవ్వలేదు. కుర్చీ నా వైపు జరుపుకుంది.

"ఇది ఎవరిది?" అంది.

"ఏటి ఆపా?"

"ఈ తెల్లది ఎవరిది? నీళ్లదా, సూర్యుడిదా?"

నేను ఆలోచించి, "రెండింటిదీ," అన్నాను.

"రెండింటిదీ అంటే ఎవరిదీ కాదు. తీసెయ్."

ఆ ప్రశ్న ఏడేళ్లు విన్నాను. ఏ బొట్టు పెట్టినా ఎవరిది అని అడిగేది. కిటికీదా, గోడదా, చొక్కాదా. కంప్యూటర్ తనంతట తాను ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇస్తుంది. ఆమె వాటిని చెరిపి ప్రతిదానికీ పేరు రాసేది. కిటికీది. తలుపుది. స్తంభానిది. తెలుగులోనే రాసేది. పేరు రాయకుండా ఒక్క బొట్టు కూడా ముందుకు పోనిచ్చేది కాదు. మేం దాన్ని ఆమె ఛాదస్తం అనుకునేవాళ్లం. బావ ఒకసారి ఏడిపించడానికి ఒక బొట్టుకి "మా మామది" అని రాశాడు. ఆపా ఆ పేరు అలాగే ఉంచి, షాట్ అయిపోయాక, "మీ మామ బానే నిలబడ్డాడు," అంది.

పని అయ్యాక చూసే పద్ధతి కూడా ఆమెది వేరు. కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసేది. వాళ్ల నాన్న వాచీలు బాగు చేసేవాడు. భూతద్దం కంటికి పెట్టుకుని రెండో కన్ను మూసే అలవాటు ఆయన్నుంచి వచ్చిందని చెప్పింది. మేము అంటించిన బోర్డు వైపు చూసేది కాదు. దాని అంచు దగ్గర ఉన్న గోడ వైపు చూసేది. "అబద్ధం వేపు సూడకు. పక్కన నిజం ఉంది కదా, దాన్ని సూడు," అనేది. తర్వాత షాట్‌ని వెనక్కి నడిపించి చూసేది. ముందుకి వెళ్లేటప్పుడు దొరకనిది వెనక్కి వచ్చేటప్పుడు దొరికేది.

రోజూ వన్ టౌన్ నుంచి పెందుర్తికి బస్సులో వచ్చేది. రాగానే బ్యాగులోంచి తెల్ల గుడ్డ తీసి తన తెర తుడిచేది. మా దగ్గర అంత దుమ్ము ఉండదు. వాళ్లింట్లో పోర్టు దుమ్ముకి కిటికీ మీద వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. ఆ అలవాటుతో ఇక్కడా తుడిచేది. ఆ గుడ్డ ఇప్పుడు కూడా ఆమె సొరుగులో ఉంది.

పోయిన ఏడాది ఎండాకాలం నుంచి తలనొప్పి అంది. కళ్లజోడు మార్చుకుంది. తగ్గలేదు. ఒకరోజు మెట్లెక్కుతూ లేని మెట్టు మీద కాలు పెట్టింది. మోకాలు చెక్కుకుపోయింది. "రెండు మెట్లు కనబడ్డాయి. ఏది నిజమో తెలీక మజ్జలో పెట్టాను," అని నవ్వింది. స్కాన్ తీశారు. తలలో గడ్డ ఉందన్నారు. తీయడం కష్టమైన చోట ఉందన్నారు. ఆ మాట మాకు ఆమే చెప్పింది, టీ తాగుతూ. బావ గ్లాసు కింద పెట్టేశాడు. ఆపా, "సల్లారిపోద్ది, తాగు," అంది.

ఆ తర్వాత కూడా ఆరు నెలలు పనికి వచ్చింది.

ఇక ఆ ఓడ సంగతి. హార్బరు కాలవలో ఒక పడవ బయటికి పోతూ ఉంటుంది. కెమెరా ఆ పడవలో ఉంది. ఎదురుగా రేవులో కట్టి ఉన్న ఓడ ఉంది. దాని ఇనప గోడ మీద ఉన్న అసలు పేరు తుడిచేసి, కథలో పేరు రాయాలి. ఆరు సెకన్లు. పడవ ఊగుతుంది, దగ్గరికి పోతుంది, పక్కకి తిరుగుతుంది. ఆ షాట్ నాకు ఇచ్చారు. ఓనరు అప్పుడే చెప్పాడు, మనకి మిగిలింది ఈ ఒక్క కంపెనీ పనే అని.

ఓడ గోడ నున్నగా ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెతికి నాలుగు బొట్లు పెట్టాను. తుప్పు మరక మూల ఒకటి. రేకులు అతికిన గీత మీద ఒకటి. నీటి లోతు చూపే అంకె మీద ఒకటి. నాలుగోది లంగరు గొలుసు దగ్గర, ఎర్ర రంగూ నల్ల రంగూ కలిసే గీత మీదికి గొలుసు వచ్చే చోట. మొదటి మూడూ ఏడిపించాయి. నీళ్ల వెలుగు ఓడ మీద పడి ఆడుతుంటే మాటిమాటికీ తప్పిపోయేవి. నాలుగోది మాత్రం ఒక్క ఫ్రేములో కూడా తప్పలేదు. కత్తితో కోసినట్టు ఉండేది ఆ మూల. నాలుగో దాన్ని నమ్ముకుని మిగతా మూడూ సరిచేశాను.

పంపే రోజు ఆపాని చూడమన్నాను. ఆమె లేచి, గోడ పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్లింది. ఎడమ కన్ను మూసింది. ముందుకి చూసింది, వెనక్కి నడిపించమని చూసింది.

"పేరు జారతంది తమ్ముడూ," అంది.

"ఎక్కడ?"

"కుడి పక్క. సివరికి వచ్చేసరికి."

నేను చూశాను. నాకు కనబడలేదు. బావని పిలిచాను. అతను చూసి, "బానే ఉంది కదా ఆపా," అన్నాడు. ఓనరు వచ్చి చూశాడు. బాగుందన్నాడు. సాయంత్రంలోపు పంపాలన్నాడు.

"బొట్లకి పేర్లు రాసేవా?" అంది ఆపా.

"రాశాను," అన్నాను.

రాయలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఉన్నాయి. ఫైలు తెరిచి చూపించమంటుందేమోనని భయపడ్డాను. ఆమె అడగలేదు. ఇంకోసారి నడిపించమంది. నడిపించాను.

"జారతంది," అంది.

అప్పుడు నేనన్నాను. "నీ కళ్లేమో ఆపా."

గట్టిగా అనలేదు. మంచిగానే అన్నాను. ఓనరు అక్కడే ఉన్నాడు, బావ ఉన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆమె ఇంకా ఎడమ కన్ను మూసే ఉంచింది. కాసేపటికి తెరిచింది.

"అయ్యుంటాది," అంది.

కూర్చుని, తెర తుడిచే గుడ్డ మడత పెట్టి సొరుగులో పెట్టింది. బ్యాగు తీసుకుంది. నేను బస్సు స్టాపు దాకా వస్తానంటే, "మెట్ల దాకా రా సాలు. తర్వాత అంతా నేలే," అంది. మెట్ల కింద నిలబడి నా భుజం మీద చెయ్యి వేసి, "నాను ఇంక రాకూడదు తమ్ముడూ. మీ పని పాడు సేత్తాను," అంది. నేను అలా అనకు అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

నాలుగో రోజున షాట్ తిరిగి వచ్చింది. ఒకే వాక్యం రాశారు. షాట్ చివర్లో కుడి వైపు పేరు ఈదుతోంది, సరిచేయండి. బావ చదివి, "మరేటి బావ, పేరు ఈత నేర్సుకుంటందా?" అన్నాడు. చివర్లో, కుడి వైపు అన్న మాటలు ఇద్దరం మళ్లీ చదివాం.

ఆ పూటే ఫోను చేసి చెప్పాల్సింది. ఆపా, నీ కళ్లది తప్పు కాదు, నువ్వు చెప్పిందే వాళ్లూ చెప్పారు అని. మూడు మాటలు. చెప్పలేదు. ఉత్త చేతులతో ఏం చెప్పను, సరిచేసి, లాప్‌టాప్ తీసుకుని వెళ్లి చూపించి చెబుతానని అనుకున్నాను. రెండు రోజుల్లో అవుతుందనుకున్నాను.

పదకొండు రోజులు కూర్చున్నాను, కాలేదు. గుర్తు చుట్టూ వెతికే పెట్టె పెద్దది చేశాను, చిన్నది చేశాను. రంగు తీసేసి నలుపు తెలుపులో పట్టించాను. కెమెరా అద్దం వల్ల అంచుల్లో వచ్చే వంపు తీసేసి మళ్లీ చేశాను. చివరి ఫ్రేము నుంచి వెనక్కి పట్టించాను. ముందు పడవ ఊగుడు ఆపేసి, తర్వాత పేరు పెట్టి, మళ్లీ ఊగుడు కలిపాను. మొదటి మూడు బొట్లూ తీసి కొత్త చోట్ల పెట్టాను, ఒకసారి కాదు, ఇరవైసార్లు. నాలుగో దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అదొక్కటే బాగుందనుకున్నాను. రెండోసారి పంపాను. రెండోసారీ వెనక్కి వచ్చింది. ఓనరు నా కుర్చీ వెనక నిలబడి, "మూడోసారి వస్తే పని వేరే ఊరికి పోద్ది. నువ్వొక్కడివే కాదు, ఐదుగురం," అన్నాడు. అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

మా ఇంట్లో నాన్న అడిగాడు, "ఏటిరా అలగున్నావ్, ఓడ మీద ఏదో పేరు అంటన్నావు, అది నీదేటి?" అని. ఆ ఓడ మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా కళ్లు మూసుకున్నా కనబడేది. కానీ ఎక్కడ తప్పో కనబడేది కాదు. నా పని నాకు రాదని అప్పుడు తెలిసింది. ఏడేళ్లు ఆపా చెప్పింది చేశాను తప్ప నాకేమీ తెలియదని అర్థమైంది.

తొమ్మిదో రోజున ఆపా ఫోను చేసింది. తెర మీద పేరు ఈదుతూ ఉంది. పక్కన టేబుల్ మీద ఫోను మోగుతోంది. ఎత్తితే ముందు షాట్ ఏమయిందని అడుగుతుంది. అబద్ధం ఇంకొకటి చెప్పాలి, లేకపోతే నిజం చెప్పాలి. మోగి ఆగిపోయింది. "పనిలో ఉన్నాను ఆపా. రేపు చేస్తాను," అని మెసేజి పెట్టాను. మర్నాడు చేయలేదు. ఆ మర్నాడే గురువారం.

కబరస్థాన్‌లో తల మీద రుమాలు కట్టుకుని వెనక నిలబడ్డాను. అందరితో పాటు మూడు పిడికిళ్ల మట్టి వేశాను. వాళ్ల తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మీ నిన్ను రమ్మంది," అన్నాడు. తర్వాత వస్తానన్నాను. రేవు వైపు నుంచి క్రేన్ల చప్పుడు వస్తోంది. నేను బస్సెక్కి పెందుర్తి వచ్చేశాను. మళ్లీ అదే షాట్ ముందు కూర్చున్నాను. చెప్పాల్సిన మనిషి లేదు, అయినా కూర్చున్నాను.

వారం దాటాక వెళ్లాను. ఓనరు మూడోసారి పంపడానికి సోమవారం దాకా గడువు అడిగాడు. అది శనివారం. వాళ్ల ఇల్లు సందులో మేడ మీద. ఆపా వాళ్ల అమ్మ పెద్దావిడ, జరీ పని చేసి చేసి వేళ్లు వంకరపోయాయి. నన్ను చూడగానే, "ఇప్పుడు తెలిసింది బేటా నీకు దారి?" అంది. చాయ్ ఇచ్చింది. తర్వాత లోపలి గదిలోకి తీసుకెళ్లింది.

ఆపా మంచం గోడ వారగా ఉంది. ఎదురు గోడకి నాలుగు ఎర్ర బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి. పైన రెండు, కింద రెండు. చిన్న బోర్డు పెట్టేంత జాగా.

"ఇవేటమ్మా?" అన్నాను.

"నానే అంటించాను. పనికి ఎల్లడం మానేసి వచ్చిన మర్నాడు. 'అమ్మీ, నా కళ్లు జారతన్నాయంట, సూద్దాం, ఈ గోడకి నాలుగు బొట్లు ఎట్టు' అంది. నాకు సిగ్గేసింది బేటా, ఈ వయసులో బొట్లు కొనడానికి పోతే ఆ షాపోడు మళ్లీ నవ్వేడు. ఎట్టాను. ఇక్కడే కూసుని సూసింది. 'రెండు కళ్లతో సూత్తే ఎనిమిది ఉన్నాయి అమ్మీ' అంది. తర్వాత ఒక కన్ను మూసింది. 'ఇప్పుడు నాలుగే. కదలట్లేదు' అంది. నన్ను ఫ్యాను ఏయమంది, ఆపమంది. కిటికీ తీయమంది. మంచం మీద అటు తిరిగి ఇటు తిరిగి సూసింది. 'ఒక్కటీ జారట్లేదు' అని పకపకా నవ్వింది. ఆ నెలలో అదొక్కరోజే నవ్వింది."

నేను మంచం అంచున కూర్చున్నాను. ఆమె షాట్‌ని ఎప్పుడూ ఒక కంటితోనే చూసేది. ఆ రోజు కూడా ఎడమ కన్ను మూసే చూసింది. అది ముగ్గురం చూశాం. ఒక కంటితో చూసినప్పుడు ఆమె చూపులో తప్పేమీ ఉండదని ఎవరికీ తట్టలేదు.

"మరి నాకు చెప్పలేదేటమ్మా?"

"సెప్పమన్నాను. ఆ పిల్లోడికి ఫోన్ సెయ్ అన్నాను. 'వాడే వత్తాడు, పేర్లు రాసుకుని వత్తాడు' అంది. ఏ పేర్లో నాకేం తెలుసు. రోజూ సాయంత్రం మెట్ల మీద సప్పుడైతే సూసేది. పది పన్నెండు రోజులు సూసి ఆకరికి తనే సేసింది. నువ్వు పనిలో ఉన్నావంట."

ఆవిడ నన్ను నిష్ఠూరం ఆడుతున్నట్టు లేదు. జరిగింది చెప్పింది. ఆ తర్వాత నేను అక్కడ కూర్చోలేకపోయాను.

తిన్నగా ఆఫీసుకి వచ్చాను. బావ ఒక్కడే ఉన్నాడు. ఫైలు తెరిచి, నంబర్లు చెరిపి పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఒకటి చెరిపి "తుప్పుది" అని రాశాను. రెండు చెరిపి "అతుకుది." మూడు చెరిపి "అంకెది." నాలుగు చెరిపాను.

గొలుసుది అని రాయబోయాను. గొలుసు పైనుంచి కిందికి ఉంది, ఆ మూల దాని మీద ఏ చోటుది? రంగు గీతది అని రాయబోయాను. గీత ఓడ పొడవునా ఉంది, ఆ మూల దాని మీద ఏ చోటుది? గొలుసు ఓడకి ఆనుకుని లేదు. ముక్కు దగ్గర నుంచి వేలాడుతూ, గోడకి మనిషి ఎత్తంత ఎడంగా ఉంది. పడవ పక్కకి జరిగేకొద్దీ గొలుసు గీత మీద వేరే చోట అడ్డం వస్తుంది. మూల అలాగే పదునుగా ఉంటుంది, కంప్యూటర్ దాన్ని వదలదు, కానీ అది ఓడ మీద ఉన్న మూల కాదు. గొలుసు మీదా లేదు. ఒకదాని ముందు ఒకటి అడ్డం వచ్చినంత సేపు, మన కంటికి మాత్రమే ఉన్న మూల అది. ఒక్కసారి కూడా తప్పని బొట్టు అది. తప్పిపోయిన మూడూ ఓడవే. దానితో సరిపెట్టడానికి ఆ మూడింటినీ పదకొండు రోజులు, ఆ తర్వాత వారం రోజులు నేనే పాడుచేశాను.

"ఏటయింది బావ?" అన్నాడు బావ. నేను తెర చూపించాను. అతను నాలుగో పేరు ఖాళీగా ఉండడం చూశాడు. "మా మామది అని రాసినా సరిపోదు," అన్నాడు. నవ్వడానికి అన్నాడు కానీ మొహం అటు తిప్పేసుకున్నాడు.

నాలుగో బొట్టు తీసేశాను. రంగు లేచిపోయిన చిన్న గీరు ఒకటి ఉంది, మసగ్గా. అక్కడ పెట్టి "గీరుది" అని రాశాను. పది ఫ్రేములకొకసారి తప్పిపోయింది. తప్పిన చోటల్లా చేత్తో పెట్టుకుంటూ వెళ్లాను. ఆదివారం మధ్యాహ్నానికి అయింది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి ఎడమ కన్ను మూసి చూశాను. ముందుకి చూశాను, వెనక్కి చూశాను. పేరు ఓడ మీద ఉంది.

సోమవారం పంపాం. బుధవారం ఓకే అని వచ్చింది. ఓనరు అందరికీ టీ చెప్పాడు. ఆ పని నిలబడింది, మేము ఐదుగురం కాదు, నలుగురం మిగిలాం. ఆమె కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కింద ఇటుక ఇంకా ఉంది.

ఆ సాయంత్రం లాప్‌టాప్ తీసుకుని వన్ టౌన్ వెళ్లాను. వాళ్లమ్మ ముందు పెట్టి షాట్ నడిపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూసింది.

"పడవ ఊగతంది," అంది.

"పేరు చూడమ్మా. పేరు ఊగుతోందా?"

"లేదు."

"ముందు ఊగేది. ఆపా చెప్పింది. నేను, నీ కళ్లేమో ఆపా అన్నాను. ఆపా చెప్పిందే నిజం." వాళ్లమ్మకి చెప్పగలిగాను. ఎంతో కష్టమైన మాట అనుకున్నాను, నోట్లోంచి రావడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆవిడ లాప్‌టాప్ మూత తనే మెల్లగా వేసింది. "దానికి తెలుసు బేటా," అంది. "నీకు తెలిసిందో లేదో అనే దాని బెంగ."

తర్వాత లోపలికి చూసి, "వచ్చే వారం సున్నం కొట్టించాలి. ఆ బొట్లు తీసేయమంటావా?" అని అడిగింది.

నేను లేచి గుమ్మంలో నిలబడ్డాను. కిటికీ తీసి ఉంది. గోడ మీద పోర్టు దుమ్ము సన్నగా పట్టింది. బొట్లు నాలుగూ ఉన్నాయి. కింద కుడి పక్కది సగం ఊడి, ఫ్యాను గాలికి దాని అంచు అదురుతూ ఉంది. చాలాసేపు చూశాను, ఒక కన్ను మూసి. అంచు అదురుతోంది కానీ బొట్టు ఉన్న చోటే ఉంది.